పక్క వాటా చప్పుడు భరించలేనప్పుడు: మాట్లాడాలా, ఓనరుకు చెప్పాలా, ఫిర్యాదు చేయాలా, ఇల్లు మారాలా?

గోదావరి డెల్టా పట్టణాల్లో అద్దె ఇల్లంటే చాలామందికి ఒక వాటా మాత్రమే. పాత పెంకుటింటిని రెండు మూడు భాగాలుగా విడగొట్టినదో, డాబా మీద తరువాత వేసిన పోర్షనో, చిన్న అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటో అయి ఉంటుంది. కాకినాడ రామారావుపేటలోనైనా, రాజమహేంద్రవరం దానవాయిపేటలోనైనా, భీమవరం, అమలాపురం, తాడేపల్లిగూడెం కొత్త కాలనీల్లోనైనా పక్కవారి గ్రైండరు, పైవారి అడుగులు, కింది షాపు జనరేటరు, ఎదురింటి హోమ్ థియేటరు మన ఇంట్లో వినబడుతూనే ఉంటాయి. దానివల్ల నిద్ర చెడి, పిల్లల చదువు చెడి, ఇక ఏం చేయాలో తేలక ఆగిపోయినవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. చాలామంది కొన్ని నెలలు నోరు మూసుకుని భరించి, ఆపైన ఒక రాత్రి ఒక్కసారిగా పోలీసులకు ఫోను చేస్తారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న మార్గాల్లో ఇంటి ఓనరు ద్వారా వెళ్లే మార్గాన్ని మనం అన్నిటికంటే తక్కువగా వాడుకుంటున్నాం. వాటాల మధ్య వచ్చే చప్పుళ్లలో పెద్ద భాగం ఇల్లు కట్టిన తీరు వల్ల, అంటే కట్టుబడి వల్ల వచ్చేదే, ఆ కట్టుబడి ఆయన చేతిలో ఉన్నదే.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొట్టమొదట చూడవలసింది ఆ శబ్దం మనిషి తీరు వల్ల వస్తోందా, గోడ తీరు వల్ల వస్తోందా అన్నది. అర్ధరాత్రి పాటలు పెద్దగా పెట్టేవారి సంగతి వేరు, రాత్రి తొమ్మిదింటికి మామూలుగా మాట్లాడుకుంటున్నా ప్రతి మాటా మన మంచం దగ్గర వినబడే ఇంటి సంగతి వేరు. పెంకుటిళ్లను వాటాలుగా విడగొట్టినప్పుడు మధ్యగోడను దూలం ఎత్తు దాకానే లేపి వదిలేసిన ఇళ్లు కోనసీమలో ఇప్పటికీ ఉన్నాయి. కింద నిలబడి చూస్తే గోడ పూర్తిగా ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ స్టూలెక్కి టార్చి వేస్తే గోడ తలకూ పెంకుల కింది వాసాలకూ మధ్య జానెడు సందు, ఆ సందులోంచి పక్క వాటా లైటు వెలుగు కనిపిస్తాయి. అటువైపు దగ్గు ఇటువైపు వినబడేది అక్కడి నుంచే. డాబా ఇళ్లలోనైతే అద్దె కోసం తరువాత కట్టిన అడ్డుగోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలవే. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటి వచ్చే శబ్దం సుమారు 5, 6 డెసిబెళ్లు (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది కాబట్టి తొమ్మిదంగుళాల గోడకూ దీనికీ తేడా చెవికి బాగానే తెలుస్తుంది.

తరువాత, అది గాలిలో వచ్చేదా, కట్టడంలోంచి వచ్చే అదురా అన్నది చూడాలి. మాటలు, టీవీ తలుపు సందుల్లోంచీ కిటికీల్లోంచీ వస్తాయి. గ్రైండరు, పై అంతస్తులో కుర్చీ ఈడ్చడం, బోరు మోటారు వంటివి గోడనూ శ్లాబునూ అదిరిస్తాయి. మొదటి రకాన్ని సందులు మూసి తగ్గించుకోవచ్చు. రెండవ రకాన్ని పుట్టిన చోటే ఆపాలి తప్ప మన గదిలో ఎన్ని చేసినా పెద్దగా ఫలితం ఉండదు.

వేళ కూడా ముఖ్యం. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, రాత్రి అంటే 10 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది కనుక రాత్రి పరిమితి చాలా కఠినమైనదే. మీ సమస్య రాత్రి 10 తరువాతదైతే చట్టం మీకు గట్టిగా అండగా ఉంటుంది, మధ్యాహ్నానిదైతే ఇరుగుపొరుగు మంచితనం మీదే ఎక్కువగా ఆధారపడాలి.

రెండు వాటాలకూ ఓనరు ఒక్కరేనా, ఆ ఇంట్లో మీరు ఇంకెన్ని నెలలు ఉండబోతున్నారు, ఇబ్బంది పడుతున్నది పసిబిడ్డా, పరీక్షలకు చదివే పిల్లవాడా, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషా అన్న ప్రశ్నలకు కూడా జవాబు దగ్గర పెట్టుకోండి.

ఒక్క విషయం మాత్రం ఈ లెక్కలన్నిటికీ బయట ఉంది. గోడ అవతల నుంచి వినబడేది ఎవరినో కొడుతున్న చప్పుడు, ఆడమనిషి ఏడుపు, పిల్లల కేకలు అయితే దాన్ని శబ్ద సమస్యగా చూడకండి. వెంటనే 112కు, మహిళలకైతే 181కి, పిల్లలకైతే 1098కి ఫోను చేయండి.

ఒక చూపులో

| మార్గం | ఏ శబ్దానికి బాగా పనికొస్తుంది | ఖర్చు | పొరుగు సంబంధం మీద ప్రభావం |
|---|---|---|---|
| మీరే మాట్లాడటం | తెలియక చేసే రోజువారీ చప్పుడు | లేదు | సరిగ్గా మాట్లాడితే మెరుగవుతుంది |
| ఓనరు ద్వారా | గోడ, మోటారు, గ్రైండరు గట్టు వంటి కట్టుబడి సమస్యలు | తక్కువ, కొన్నిసార్లు పంచుకోవాలి | పెద్దగా చెడదు |
| అసోసియేషను, పెద్దలు | నలుగురికీ ఇబ్బందిగా ఉన్నవి | లేదు | పెద్దల తీరును బట్టి |
| పోలీసులు | రాత్రి 10 తరువాత మైకు, డీజే | లేదు | చెడే అవకాశం ఎక్కువ |
| ఆర్డీవో, లోక్ అదాలత్, కోర్టు | నివాసాల మధ్య వ్యాపారాల శబ్దం, మొండి వివాదాలు | కొంత నుంచి ఎక్కువ దాకా | లోక్ అదాలత్‌లో తప్ప చెడుతుంది |
| గది సరిచేసుకోవడం | గాలిలో వచ్చే మాటలు, టీవీ | తక్కువ | ఏమీ ఉండదు |
| ఇల్లు మారడం | ఎవరూ మార్చలేనివి | ఎక్కువ | అవసరం తీరిపోతుంది |

మీరే వెళ్లి మాట్లాడటం

చప్పుడు చేసేవారిలో చాలామందికి అది మనదాకా వస్తోందని తెలియదు. అందుకే మొదటి అడుగు ఇదే కావాలి, అయితే చప్పుడు జరుగుతున్న సమయంలో వెళ్లకూడదు. నిద్ర చెడిన కోపంతో అర్ధరాత్రి తలుపు కొడితే ఎదుటివారు తమ తప్పు గురించి ఆలోచించడం మాని మన తీరు గురించి మాట్లాడతారు. మర్నాడు సాయంత్రం, ఇంట్లోని పెద్దావిడ వాకిట్లో ఉన్న వేళ వెళ్లి, ఒక్క వేళ గురించి, ఒక్క పని గురించి అడగాలి. "వదినగారూ, ఏమీ అనుకోకండి, మా పెద్దాడికి పదో తరగతి పరీక్షలండి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక టీవీ కాస్త తగ్గిస్తే మార్చి నెలాఖరు దాకా గట్టెక్కిపోతామండి" అన్న మాటకు గడువుంది, కారణముంది, అవతలివారు చేయగలిగిన పని ఉంది. "మీ ఇంట్లో ఎప్పుడూ గోలే" అన్న మాటలో ఇవేవీ లేవు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఏ పాట పెట్టారు, ఏ దేవుడి మైకు, ఏ హీరో పుట్టినరోజు అన్న ప్రస్తావన తేవద్దు. వేళ గురించీ, ధ్వని ఎంత ఉండాలన్న దాని గురించీ మాత్రమే మాట్లాడండి. మన ఊళ్లలో చిన్న మాట కులం దాకానో మతం దాకానో పోవడానికి ఎంతో సేపు పట్టదు, అప్పుడు చప్పుడు సంగతి వెనక్కి పోయి గొడవే మిగులుతుంది.

తాగి ఇంటికొచ్చి గొడవచేసేవారి దగ్గరకూ, ఇంతకుముందు బెదిరించినవారి దగ్గరకూ మీరు వెళ్లవద్దు. ఒంటరిగా ఉండే మహిళలు నేరుగా తరువాతి మార్గంతో మొదలుపెట్టడమే మేలు.

ఓనరు ద్వారా

ఓనరు దగ్గరకు వెళ్లి "పక్కవాళ్లు గోల చేస్తున్నారు" అంటే ఆయన "మీరూ మీరూ సర్దుకోండి" అంటారు. ఆయన చేయగలిగిన పనిని పట్టుకుని వెళితే జవాబు వేరుగా ఉంటుంది. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. వాటాల ఇళ్లలో వంటగదులు తరచు వీపులు ఆనించినట్టు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. పక్కవారి సిమెంటు గట్టు ఆ గోడలోకే దిగి ఉంటుంది, దాని మీద వెట్ గ్రైండరు ఉంటుంది. తెల్లవారుజామున ఇడ్లీ పిండి రుబ్బుతుంటే గట్టు అదురు గోడలోకి, గోడ అదురు మన మంచం తలాపులోకి వస్తుంది. గ్రైండరును గట్టు మీద నుంచి దించి, గోడకు అడుగు ఎడంగా నేల మీద పెట్టి, కింద మందమైన రబ్బరు మ్యాటు వేస్తే ఆ అదురు చాలావరకు తెగిపోతుంది. రబ్బరు దొరకకపోతే కోనసీమలో ఎక్కడైనా దొరికే కొబ్బరిపీచు మ్యాటును రెండు మడతలు వేసినా కొంత పని చేస్తుంది. పక్కావిడ రుబ్బడం మానలేదు, మన నిద్రా చెడలేదు. ఇది ఓనరు రెండు నిమిషాల్లో చెప్పించగల పని.

పెరట్లోని బోరు మోటారు కూడా ఇలాంటిదే. దిమ్మకు నేరుగా బోల్టులు బిగించిన మోటారు కింద రబ్బరు దిండ్లు వేయించవచ్చు, తెల్లవారుజామున వేసే మోటారును రాత్రి తొమ్మిదింటికే వేసి ట్యాంకు నింపి పెట్టుకునే ఏర్పాటు చేయవచ్చు. ఇక పెంకుటింటి మధ్యగోడ మీది సందు సంగతి. దాన్ని ఇటుకతో మూయించమని అడగబోయే ముందు ఒక మేస్త్రికి చూపించండి. మన డెల్టా నల్లరేగడి వేసవిలో బీటలువారి వానల్లో ఉబ్బుతుంది, పునాది లేకుండా లేపిన అడ్డుగోడకు ఇంకా బరువు ఎక్కిస్తే పగుళ్లు రావచ్చు. అలాంటి చోట ప్లైవుడ్డు చట్రం కట్టి, లోపల గ్లాస్‌వూల్ (గాజు పీచు) నింపి, అంచులు బాగా మూయించడం క్షేమం. ఈ ఖర్చులో సగం మీరు పెట్టుకుని అద్దెలో తగ్గించుకుంటామని అడిగితే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ పని వారి ఇంటికే మిగిలిపోతుంది. ఒప్పుకున్న మాటను వాట్సాప్‌లో రాసి పంపి, వారి జవాబు దాచుకోండి.

ఈ మార్గానికి లోపాలూ ఉన్నాయి. ఓనరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే పని ఫోనులోనే నానుతుంది. పక్క వాటాలో ఉన్నది ఓనరు బంధువులైతే మీ మాటకు బరువు తగ్గుతుంది. గట్టి ఒప్పందం లేకుండా నెలనెలా అద్దె ఇచ్చి ఉంటున్నవారిని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు కనుక, పదేపదే ఫిర్యాదు చేసే అద్దెదారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాచిలర్లకు ఇది మరీ కష్టం. ఫిర్యాదు చేసింది వారైనా తప్పు వారిదే అనుకునే ఓనర్లున్నారు, అది అన్యాయమే. అలాంటివారు అదే ఇంట్లోని మరో కుటుంబంతో కలిసి వెళ్లి చెప్పాలి.

అసోసియేషను, పెద్దలు, సచివాలయం

అపార్ట్‌మెంటైతే అసోసియేషను వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి రాయకుండా, తరువాతి సమావేశంలో "రాత్రి 10 తరువాత" అనే నియమం అందరికీ కలిపి పెట్టించండి. వాటాల ఇంట్లోనైతే వీధిలో ఇద్దరూ గౌరవించే ఒక పెద్దమనిషి చాలు. వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు వచ్చి మాట్లాడినా చాలాచోట్ల స్టేషను దాకా వెళ్లకుండానే సద్దుమణుగుతుంది.

పోలీసులు

రాత్రి 10 తరువాత ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టడానికి వీల్లేదు, పగలు పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. సాంస్కృతిక, మతపరమైన పండుగల కోసం అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అయితే ఏడాది మొత్తానికి అది 15 రోజులు మించకూడదు. కాబట్టి పక్కింటి మేడ మీద డీజే బాక్సులు రాత్రి 11కి మోగుతుంటే 112కు ఫోను చేయడం మీ హక్కు. చిరునామా, దగ్గరి గుర్తు, ఎప్పటినుంచి మోగుతోంది అన్నవి చెబితే చాలు. 2010లో చేసిన సవరణతో నివాస ప్రాంతాల్లో రాత్రివేళ శబ్దం చేసే నిర్మాణ యంత్రాలనూ వాడకూడదు, కనుక పక్క స్థలంలో రాత్రి శ్లాబు వేసే మిక్సరు కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఫోనుతో ఆ రాత్రికి శబ్దం ఆగుతుంది. మళ్లీ మళ్లీ జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నిబంధనల ప్రకారం ఫిర్యాదు తీసుకునే అధికారుల్లో జిల్లా మేజిస్ట్రేటు, డీఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారులు ఉంటారు. శబ్దం పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువ దాటినా, రాత్రి వేళ నిషేధాలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. ఫోనులోని డెసిబెల్ యాప్‌ను గట్టి సాక్ష్యంగా చూడరు, అయినా తేదీ, వేళ, ఎంతసేపు అన్న వివరాలతో రాసిపెట్టుకున్న పుస్తకం, ఒకటి రెండు వీడియోలు మీ మాటకు బలమిస్తాయి.

అడుగుల చప్పుడుకూ, పసిపిల్ల ఏడుపుకూ, గ్రైండరుకూ పోలీసులను పిలవడం తగదు. వారు చేయగలిగింది ఏమీ ఉండదు, పక్కవారితో మాట మాత్రం శాశ్వతంగా పోతుంది. సంక్రాంతి మూడు రోజులు, భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు, వీధిలో ఒక పెళ్లి వంటి వాటిని కూడా రోజూ జరిగే చప్పుడుతో కలపకండి. అయితే ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే పండుగైనా సరే అడగడానికి మొహమాటపడవద్దు.

ఆర్డీవో, లోక్ అదాలత్, కోర్టు

ఇళ్ల మధ్య వెల్డింగు షాపు, పిండిమర, ఫంక్షన్ హాలు, మూత లేని జనరేటరు నడుపుతున్న వ్యాపారం వల్ల వీధి అంతటికీ ఇబ్బంది ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీవోకు అర్జీ పెట్టవచ్చు. 2024 జులై 1కి ముందు ఇదే పాత సీఆర్‌పీసీలో 133వ సెక్షనుగా ఉండేది. ఇక్కడ చూసేది పదిమంది ఆరోగ్యానికీ సుఖానికీ కలిగే హాని కాబట్టి ఒక్కరి సంతకంతో వెళితే బలం ఉండదు, నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్లాలి. అదే అర్జీని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు.

ఇద్దరి మధ్య వివాదమే అయితే సివిల్ కోర్టులో నిషేధపుటుత్తర్వు అడగవచ్చు కానీ అద్దెదారుకు అది చాలా దూరపు దారి, కేసు తేలేలోపు మీరే ఇల్లు మారిపోతారు. కేసు వేయకముందే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లడం మంచిది. దానికి రుసుము లేదు, అక్కడ ఇద్దరూ ఒప్పుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

గది సరిచేసుకోవడం

ఎవరితోనూ మాట పడకుండా చేసుకోగలిగేది ఇదే. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల అంచులకు ఫోము టేపు, పక్క వాటా గోడకు ఆనించి బట్టలతో నిండిన బీరువా, మంచం తలాపు ఎదుటి గోడకు మార్చడం అన్నీ కలిపితే మాటలు, టీవీ ధ్వని తగ్గుతాయి. గోడ విస్తీర్ణంలో నూటికి ఒక్క వంతు సందున్నా శబ్దం ధారాళంగా వచ్చేస్తుంది కనుక మందపాటి పరదాల మీద పెట్టే డబ్బు ముందు సందుల మీద పెట్టండి. దీనికి మన ప్రాంతంలో ఒక పెద్ద చిక్కుంది. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో ఏసీ లేని గదిలో కిటికీలు మూసి పడుకోవడం అసాధ్యం. శీతాకాలంలో ఫలించిన ఉపాయం వేసవిలో ఫలించదు. అప్పుడు మెత్తటి ఫోము ఇయర్‌ప్లగ్గులే దిక్కు, కానీ పసిబిడ్డ ఉన్న తల్లి, తలుపు చప్పుడు వినవలసిన ఒంటరి మనిషి వాటిని వాడలేరు.

ఎవరికి ఏది

పరీక్షలకు ఇంకా రెండు మూడు నెలలే ఉన్న విద్యార్థులు గడువు పెట్టి మాట్లాడటం, గది సరిచేసుకోవడం రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. ఓనరుతో గోడ పని పెట్టుకుంటే ఆ చప్పుడుకే పరీక్షలు గడిచిపోతాయి.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనో ఆసుపత్రుల్లోనో రాత్రి పనిచేసి పగలు పడుకునేవారికి చట్టం ఇచ్చేది తక్కువ. మీ డ్యూటీ వేళలు ఒక కాగితం మీద రాసి పక్కవారికి ఇవ్వండి. ఎప్పుడు పడుకుంటారో తెలియక చేసే చప్పుడే ఎక్కువ, తెలిస్తే పిండి రుబ్బే వేళ మార్చుకునేవారు మన వీధుల్లో తక్కువేమీ కాదు. ఇల్లు వెతికేటప్పుడు మీకు అన్నిటికంటే వీధికి దూరంగా ఉన్న గది ముఖ్యం.

ఏళ్ల తరబడి అదే ఇంట్లో ఉండాలనుకునే కుటుంబాలు ఓనరు మార్గంలో ఓపిక పట్టండి, ఖర్చు పంచుకోండి. ఆరు నెలల్లో బదిలీ అయ్యే ఉద్యోగులు గోడల మీద డబ్బు పెట్టకండి.

ఇల్లు మారడం

ఓనరే చప్పుడు చేసే మనిషైనా, పక్కవారు బెదిరింపులకు దిగినా, కింద ఫంక్షన్ హాలు ఉన్నా మారడమే మంచిది. ఆషాఢం, పుష్యం వంటి నెలల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించడం చాలామందికి పట్టింపు కనుక ఆ నెలలు మొదలుకాకముందే వెతకడం ప్రారంభించండి. అడ్వాన్సు తిరిగి రావడంలో పేచీ రాకుండా నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి.

కొత్త ఇంటిని ఉదయం పదింటికి చూసి ఖాయం చేసుకోవద్దు. ఆ వేళ అందరూ పనుల మీద బయటికి పోయి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఇంకోసారి వెళ్లి, లైట్లు ఆర్పి, పడకగదిలో కాసేపు మాట్లాడకుండా నిలబడండి. పక్క వాటా గోడ మీద వేళ్లతో కొట్టి చూడండి, అది డొల్లగా మోగితే పలచని గోడ. మధ్యగోడ పైకప్పు దాకా ఉందో లేదో చూడండి. వంటగది అవతల ఎవరి వంటగది ఉంది, బోరు మోటారు ఎక్కడుంది, ఎన్నింటికి వేస్తారు, గుడి మైకు ఎటువైపు తిరిగి ఉంది, ధనుర్మాసంలో ఎన్నింటికి మొదలవుతుంది అన్నవి ఓనరును కాకుండా అక్కడే ఉంటున్న అద్దెదారులను అడగండి. పదకొండు నెలల ఒప్పందం రాసుకునేటప్పుడు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం విషయంలో అన్ని వాటాలకూ ఒకే నియమం ఉంటుందనీ, చెప్పిన నెలలోపు సరికాకపోతే అడ్వాన్సులో కోత లేకుండా ఖాళీ చేయవచ్చనీ రెండు వాక్యాలు చేర్పించండి.